పేరిన నూనె

నాలుగింటికి విడదీయాలి. ఇప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు. ఎపాక్సీ జిగురు డబ్బా మీద రాసింది అదే, వెచ్చటి గదిలో అయిదు గంటలు. తొందరపడితే సాగుతుంది, ఆలస్యమైతే రాయైపోతుంది. పదకొండింటికి పోశాను. గరాజ్‌ చలికి గట్టిపడదేమోనని పడగ్గదిలోని హీటర్ తెచ్చి బల్ల పక్కన పెట్టాను, అది నా ఎడమ కాలిని కాలుస్తోంది, కుడి కాలు మాత్రం ఇంకా జనవరిలోనే ఉంది. బల్ల మీద చుట్టిన రెండు తువాళ్ల నడుమ హంసిక రైఫిల్, జ్వరం వచ్చిన మనిషిలా, కదలకుండా. పైన ఇనుము, కింద చెక్క. బ్యారెల్ వెనక బోల్టు జారే ఇనుప గొట్టాన్ని యాక్షన్ అంటారు, అది కూర్చునే చెక్కని స్టాక్ అంటారు, రెండింటి మధ్య గుంతలో పోసిన ఎపాక్సీ పొరని బెడ్డింగ్ అంటారు. రెండు వారాల కిందటిదాకా ఈ మూడు మాటలూ నాకు తెలియవు. ఇప్పుడు నిద్రలో కూడా అవే. నాలుగింటికి రెండు స్క్రూలు విప్పి ఇనుమును పైకి లాగితే కింద గుంతలో దాని అచ్చు పడి ఉండాలి. అయిదింటికి హంసికని తీసుకెళ్లడానికి వాళ్లమ్మ రష్మి గారు వస్తారు. శనివారం అయిదింటికి హంసికకి ఈ ఇంటి వారం అయిపోయి వాళ్లమ్మ ఇంటి వారం మొదలవుతుంది. రేపు ఉదయం ఎనిమిదింటికి జూనియర్ టీమ్ సెలెక్షన్, అరవై తూటాలు, ఒక్కసారే. ఆ పిల్లకి ఉన్న రైఫిల్ ఇది ఒక్కటే. అది ఇప్పుడు నా చేతి కింద ఉంది.

చేతులు లాగుతున్నాయి. వేళ్ల కొసల్లో ఎపాక్సీ ఎండి చర్మం బిగుసుకుపోయింది, బొటనవేలు మడిస్తే ఎవరి వేలో మడిచినట్టు ఉంది. ఇంట్లోకి వెళ్లి టీ పెట్టుకోవచ్చు. లేవాలనిపించడం లేదు. బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను, ఈ ఇంట్లో నాకు బాగా అలవాటైన పీట ఇదే. మా ఆయన దివాకర్ చూస్తే కుర్చీ ఉంది కదా కుమారీ అంటాడు. అతను బాతెల్ అనే ఊళ్లో ఉన్నాడు, కంపెనీ పని మీద వారం రోజులు. పొద్దున ఫోన్‌లో కూడా అదే పాట, గన్‌స్మిత్‌కి ఇచ్చేస్తే పోయేది కదా, నీకెందుకీ తలనొప్పి అని. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ఆరు వారాలు అన్నాడని మూడోసారి చెప్పాను. ఓ, అన్నాడు మూడోసారి. అతనికి తుపాకీ అంటే భయం, కూతురంటే ఇంకా భయం. ప్రాక్టీస్‌కి తీసుకెళ్లిన రోజుల్లో తుపాకీ కాల్చే రేంజ్ బయట కారులోనే కూర్చుని మీటింగులు వినేవాడట. నేను వచ్చాక ఆ డ్యూటీ నాది. లోపలికి వెళ్లకూడదని నాకెవరూ చెప్పలేదు, అందుకని వెళ్లాను.

రేంజ్ నాకు నచ్చింది. అక్కడ ఎవరూ మాట్లాడరు. ఈ క్యారీ ఊళ్లో ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా నాకు పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి, వాళ్లు రెండు భాషలు కలిపి వడివడిగా మాట్లాడుతుంటే ఎక్కడ దూరాలో తెలియక ప్లేట్లు తీసే పనిలో పడతాను. రేంజ్‌లో చెవులకి మూతలు పెట్టుకుని వరసగా పడుకున్న పిల్లలు, వెనక బెంచీ మీద నేను, మధ్యలో ఊపిరి. హంసిక ఊపిరి తీసి, సగం వదిలి, ఆపి, అప్పుడు కాలుస్తుంది. నెల తిరిగేసరికి తను ఆపే క్షణం నాకు వెనక నుంచి భుజం చూస్తే తెలిసేది. ఆ సంగతి ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. తను నాతో మాట్లాడేది కూడా తక్కువే, హాయ్ ఆంటీ, బై ఆంటీ, ఐ యామ్ గుడ్ ఆంటీ. కోపం ఏమీ లేదు. గదిలో ఇంకో ఫ్యాన్ తిరుగుతున్నట్టు నన్ను ఒప్పుకుంది, అంతే. దానికే నేను సంతోషించిన రోజులున్నాయి. తన రైఫిల్ మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, కారు డిక్కీలో పెట్టేటప్పుడు కూడా నేను పెట్టె అంచు పట్టుకోబోతే, గాట్ ఇట్, అనేది.

పోయిన ఏడాది ఆ పిల్ల ఒక్కసారిగా పొడుగైంది. పాత స్టాక్ చిన్నదై మెడ నొప్పి. క్లబ్‌లో ఎవరి కూతురో కాలేజీకి వెళ్లిపోతూ తన స్టాక్ అమ్మేసింది, చెంప ఆనించే చోటు పైకీ కిందికీ జరుపుకోవచ్చు, నీలం రంగు, చెక్క బరువైనది. హంసిక దాన్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది, పండగ బట్ట చూసినట్టు. అదే కంపెనీ, అదే మోడల్, రెండు స్క్రూలూ సరిగ్గా పడ్డాయి, పడగానే అందరూ అయిపోయిందనుకున్నారు. తర్వాతి వారం నుంచి టార్గెట్ కాగితం మీద అయిదు చిల్లులు ఒక్క చోట, ఆరోది ఎడమకి, ఏడోది ఇంకెక్కడో. ఆ పిల్ల తప్పు తనదే అనుకుంది. మోచెయ్యి మార్చింది, ఊపిరి మార్చింది, అన్నం తినడం మార్చింది. రాత్రి గదిలో గోడకి అతికించిన చుక్కని చూస్తూ బోల్టు లాగి వదులుతున్న చప్పుడు టక్ టక్ మని మా గదిలోకి వినపడేది. వెనక బెంచీ మీద కూర్చుని చూసేవాళ్లకి ఇంకో సంగతి కనపడింది. రైఫిల్ సర్దేటప్పుడు హంసిక ముందు స్క్రూ వదులు చేసినప్పుడల్లా బ్యారెల్ చెక్క మీంచి కొంచెం పైకి నిక్కేది, ఇరుకు చెప్పులోంచి పాదం తీసినట్టు. బిగించినంతసేపూ అది వంగి ఉంటోందన్నమాట.

కోచ్‌కి చూపించాను. డెల్ అని, స్కూల్ బస్సులు రిపేర్ చేసి రిటైరైన ముసలాయన, నా ఇంగ్లిష్ అయిపోయేదాకా ఓపికగా నిలబడతాడు. ఆయన వేలు బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య సందులో ఆనించి స్క్రూ వదులు చేశాడు, కళ్లు మూసుకున్నాడు, తల ఊపాడు. ఈ గుంతలో పాత అమ్మాయి యాక్షన్‌కి కొలిచి పోసిన ఎపాక్సీ ఉంది, ఒకే ఫ్యాక్టరీలో పుట్టినా ఏ రెండు యాక్షన్లూ ఒకటి కావు, ఎక్కడో తలవెంట్రుక మందం తేడా, అది చాలు అన్నాడు. పరుపు ఇంకొకరి ఒంటికి కుదిరింది, ఈ పిల్ల పక్కకి దొర్లుతోంది అని నవ్వాడు. నేను నవ్వలేదు, హంసికా నవ్వలేదు. దారిలో కారులో, రెడ్ లైట్ దగ్గర, ముందున్న బస్సు వెనక అద్దం చూస్తూ, నాకు తెలియకుండానే అనేశాను, దాన్ని కూర్చోబెట్టొచ్చు అని. వెనక సీట్లో హంసిక విన్నది. మూడో రోజు సాయంత్రం నేను చిక్కుళ్లు తుంచుతుంటే ఆ పెట్టె తెచ్చి డైనింగ్ టేబుల్ మీద నా ముందు పెట్టి, తాళం తీసి, ఒక్క అడుగు వెనక్కి వేసి, మీరు చేస్తారా, అంది. రెండేళ్లలో ఆ పిల్ల నన్ను ఒక పని అడగడం అదే మొదటిసారి. నా చేతులకి చిక్కుడు పీచు ఉంది. కడుక్కుని వస్తానన్నాను.

మా పెదనాన్న బ్రహ్మయ్య వడ్రంగి. బడి వదలగానే ఆయన పంచలో ఒక మూల కూర్చోవడం నా పని. ఆడపిల్ల చేతికి ఉలి ఇవ్వరు, చూడ్డానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. గొడ్డలికి కామ, అంటే చెక్క పిడి, వేయాలన్నా, తలుపు రెక్క గూటిలో దిగాలన్నా ఆయన కొలతబద్ద కంటే మసిని నమ్మేవాడు. ఆముదం దీపం మీద రేకు పట్టి, పట్టిన మసిలో ఒక చుక్క ఆముదం కలిపి ఇనుము లోపలి వైపు పూసేవాడు. కామ లోపలికి దింపి బయటికి లాగితే చెక్క ఎక్కడ గట్టిగా రాసుకుంటోందో అక్కడ నల్లగా అంటుకునేది. అంటిన చోట పొట్టు లేచేలా ఒక్క గీకు, మళ్లీ మసి, మళ్లీ దింపడం. ఒకసారి నేను, మొత్తం ఒకేసారి చెక్కేస్తే పోదా పెదనాన్నా, అన్నాను. అంటని చోట అది నిన్నేమన్నదమ్మా, దాన్నెందుకు కెలుకుతావు, అన్నాడు, తల ఎత్తకుండా. ఇరవై ఏళ్లయింది. క్యారీలో, గ్రానైట్ గట్టు మీద, దేవుడి ప్రమిద వెలిగించి స్టీలు గరిటె పట్టాను. మసి పట్టేలోపల కప్పు మీద పొగ అలారం మోగింది, ఇంట్లోని అలారాలన్నీ దానికి వంత పాడాయి. హంసిక మెట్ల మీద నుంచి, ఆంటీ, ఆర్ వీ ఆన్ ఫైర్, అని అడిగింది, చాలా మామూలుగా. లేదమ్మా కాటుక చేస్తున్నాను అన్నాను. తువాలు తెచ్చి అలారం కింద విసురుతూ నిలబడింది, పది నిమిషాలు, ఏమీ అడగకుండా. ఆ పది నిమిషాలు నాకు బాగున్నాయి.

తర్వాత రోజూ మధ్యాహ్నం, బడి బస్సు వచ్చేలోపల. యాక్షన్ అడుగున మసి, దింపు, నొక్కు, తీయి. పాత ఎపాక్సీ బూడిద రంగు, నల్లటి మచ్చ చక్కగా కనపడేది. వెనక కుడి అంచున ఒక మచ్చ, ముందు స్క్రూ చుట్టూ సగం చంద్రుడిలా ఒకటి. మొదటిసారి ఉలి నా చేతికి వచ్చింది, అదీ ఆన్‌లైన్‌లో కొన్న బొమ్మ ఉలి. గీకాను, కాగితం చుట్టిన పెన్సిల్‌తో రుద్దాను, మళ్లీ మసి. నలభై సార్లో యాభై సార్లో. గీకిన చోట ఏర్పడ్డ సందు నింపడానికే ఇవాళ పోసిన కొత్త ఎపాక్సీ. ఆ పాత అమ్మాయి ఎవరో నేను చూడలేదు, కానీ గుంతలో తన రైఫిల్ అడుగున ఉన్న చిన్న గీత కూడా అచ్చుపడి ఉంది, దాని మీద గోరు పోనిస్తే తగులుతుంది. అది దేనికీ అడ్డం లేదు. ఉంచాను. వంటింట్లో జీలకర్ర అని రష్మి గారి చేత్తో రాసిన డబ్బాలో నేను వాము పోసుకున్నాను, రెండేళ్లుగా అదే అట్ట, ఎవరైనా వంట చేయడానికి వస్తే ఒకసారి మోసపోతారు. ఆమె నాకంటే చాలా పొడుగు. పై అరలన్నీ ఆమె చెయ్యి అందేంత ఎత్తులో. పప్పులు కిందికి దింపుకున్నాను, ఎప్పుడో వాడే పెద్ద గిన్నెలు పైనే ఉంచాను, గిన్నె కావలసిన రోజు ఇదే బకెట్ బోర్లించి ఎక్కుతాను. అలసట అని ఎవరికైనా చెప్పాలంటే ఏం చెప్పను, బకెట్ ఎక్కి దిగుతున్నానని చెప్పనా.

మూడున్నర. మెట్ల తలుపు తెరుచుకుంది. హంసిక, చేతిలో జీవశాస్త్రం పుస్తకం, జుట్టు ముడి మీద పెన్సిల్. లోపలికి రాదు, గడప మీదే నిలబడుతుంది, ఆపరేషన్ గది బయట నిలబడ్డట్టు.

“ఆంటీ, ఎంతసేపు ఇంకా?”

“అరగంట.”

“అమ్మ టెక్స్ట్ చేసింది. ఫైవ్ షార్ప్ అంట.” బుగ్గ లోపల కొరుక్కుంటోంది. “సో... పిండి ఎందుకు పెట్టారు అందులో? అది చపాతీ పిండా?”

“ట్రిగ్గర్ కంతలోకి ఎపాక్సీ కారకుండా. డెల్ గారు బొమ్మలు చేసే మట్టి పెట్టమన్నారు. మన ఇంట్లో అది లేదుగా.”

“ఓకే. దట్స్ వియర్డ్ అండ్ కూల్.” ముక్కు ఎగబీల్చింది. “ఇక్కడ ఏదో స్మెల్ వస్తోంది. నైస్ స్మెల్. లైక్... అమ్మమ్మ హెడ్ స్మెల్.”

తలుపు మూసి వెళ్లింది. మన ఇంట్లో అన్నాను, తను దిద్దలేదు. వాసన. నిజమే, ఎప్పటి నుంచి వస్తోందో, నేను దాంట్లోనే కూర్చుని ఉండటం వల్ల తెలియలేదు. వెచ్చటి కొబ్బరినూనె. చలికాలం పొద్దున్నే బడికి పోయే ముందు మా అమ్మ జడ వేయడానికి కూర్చోబెట్టేది, సీసాలో నూనె తెల్లగా పేరుకుని ఉండేది, సీసా బోర్లించినా జారేది కాదు, పుల్ల పెట్టి కెలికితే ముక్కలు ముక్కలుగా వచ్చేది. అందుకని ముందుగానే లేచి ఎవరో ఒకరు సీసా తీసుకెళ్లి ఎండలో మెట్టు మీద పెట్టాలి, తొందరైతే పొయ్యి పక్కన. పళ్లు తోముకుని వచ్చేసరికి అది నీళ్లలా కరిగి ఉండేది, సీసా గోడకి చివరి తెల్లటి ముద్ద ఒకటి అంటుకుని, చూస్తుండగానే అదీ జారి, పొయ్యి పక్కన పెడితే

పొయ్యి పక్కన పెడితే కరుగుతుంది.

హీటర్ వైపు చూశాను. హీటర్ నా వైపు చూసింది. లేచి బల్ల దగ్గరికి వెళ్లి వంగి చూశాను, స్టాక్ పక్కన అంటించిన టేప్ మీద సన్నటి తడి గీత, తువాలు మీద అరచేతి వెడల్పు మరక. వేలు పెట్టి వాసన చూశాను. ఎపాక్సీ అంటుకోకుండా ఇనుముకి ముందుగా మైనం పూయాలి, అది పూయకపోతే యాక్షనూ స్టాకూ జన్మలో విడిపోవు, డెల్ నా కళ్లలోకి చూసి రెండుసార్లు చెప్పాడు. మైనం అంటే ఏదైనా పర్లేదు, బూట్ల పాలిష్ చాలు, ప్రతి ఇంట్లో ఉంటుందిగా అన్నాడు. ఈ ఇంట్లో లేదు. ఈ ఇంట్లో ఉన్నవన్నీ గుడ్డ బూట్లు, చెప్పులు, గడప బయట వరసగా. పదిన్నరకి ఇల్లంతా వెతికాను, షాపుకి వెళ్లొస్తే గంట పోతుంది, అయిదింటికి రష్మి గారు. కొట్టుగదిలో కొబ్బరినూనె పెద్ద సీసా కనపడింది, మూత తీస్తే తెల్లగా, గట్టిగా, మైనంలానే ఉంది, గోటితో గీస్తే పొర లేచింది. ఈ దేశంలో నేను దాన్ని ఎప్పుడూ అలాగే చూశాను. దానికి ఇంకో రూపం ఉందని మర్చిపోయాను. ఇనుమంతా పూశాను, స్క్రూలకి పూశాను, మూల మూలలా పూశాను, ఎంత శ్రద్ధగా పూశానని, చంటిపిల్లకి పూసినట్టు పూశాను. పూసి, పక్కనే పొయ్యి పెట్టాను.

కొంత మిగిలి ఉంటుంది. పల్చటి జిడ్డైనా ఉంటుంది. నూనె ఎక్కడికీ పూర్తిగా పోదు, తలంటు పోసుకున్నా పోదు. లేక ఎపాక్సీలో కలిసిపోయి ఉంటుందా. ఎపాక్సీ దేనికైనా అంటుకుంటుందట, నా వేళ్లకి అంటుకుంది, పొద్దుటి గిన్నెకి అంటుకుంది, ఆ గిన్నె ఇక వంటకి పనికిరాదు, దానికేం గిన్నె. ఇది గిన్నె కాదు. మూడు నలభై ఆరు. ఇప్పుడు తీయనా, ఆగనా. హీటర్ ఆపేశాను. అది చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. అంటుకుపోతే ఏం చెప్పాలి. రాయి అయిందమ్మా అని చెప్పాలి. లేదా పొరపాటు చేశానని చెప్పకుండా కొన్న స్టాకే మంచిది కాదని చెప్పొచ్చు, డబ్బాలో మందు పాతదని చెప్పొచ్చు, ఆ పిల్లకి తెలియదు, వాళ్లమ్మకి తెలియదు, దివాకర్ అడగను కూడా అడగడు, ఓ అంటాడు. నా నోట్లో ఆ అబద్ధం ఎంత తేలిగ్గా తయారైందో చూసి నాకే భయం వేసింది. బాగా అలిసిపోయినప్పుడు మనసు ఎటు పల్లముంటే అటు పోతుంది. ఆ పిల్ల గడప దగ్గర నిలబడి లోపలికి రాలేదు. చూడకుండా ఇచ్చేసింది. రెండు వారాలుగా ఒక్కసారి కూడా, జాగ్రత్త, అనలేదు.

నాలుగు. డెల్ అరువిచ్చిన కీతో స్క్రూలు రెండూ తిరిగాయి, బయటికి వచ్చాయి, వాటికి జిడ్డు ఉంది, ఆశ కలిగింది. ఎడమ చేత్తో స్టాక్ పట్టుకుని కుడి చేత్తో బ్యారెల్ పైకి లాగాను. రాలేదు. మోకాళ్ల మధ్య పెట్టుకుని లాగాను. రైఫిల్ మొత్తం ఒకే వస్తువులా, పుట్టినప్పటి నుంచి ఒక్కటే అయినట్టు పైకి లేచింది. రబ్బరు సుత్తి ఉంది. దాంతో బ్యారెల్ కింద ఒక్కటి తడితే వస్తుందని వీడియోలో మగవాళ్లు నవ్వుతూ చూపిస్తారు. సుత్తి తీసుకున్నాను. చెక్క చీలితే? సుత్తి కింద పెట్టాను. అరచేతులు ఒరుసుకుని ఎర్రబడ్డాయి. పెదనాన్న పంచలో ఒకసారి బండి చక్రం ఇనుప పట్టా ఊడక నలుగురు మగవాళ్లు కొడుతుంటే ఆయన వచ్చి సుత్తులు లాక్కుని పక్కన పడేశాడు. ఇనుము వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది, దానికి దాని బుద్ధి ఉంది, మీ బలంతో పనేముందిరా అన్నాడు. చలికి ముడుచుకుంటుంది. వేడికి నేను దాన్ని ఉబ్బించి కూర్చోబెట్టాను.

ముందు చెప్పాలి. చెప్పకుండా ఇంకేదీ చేయకూడదు. మెట్లెక్కి పైకి వెళ్లాను. గది తలుపు తీసే ఉంది. హంసిక నేల మీద, బట్టల సంచి సగం సర్ది. నా మొహం చూసి పుస్తకం మూసింది.

“హంసికా, నేను తప్పు చేశాను. మైనం బదులు కొబ్బరినూనె పూశాను. హీటర్‌కి అది కరిగిపోయింది. యాక్షన్ రావడం లేదు.”

ఆ పిల్ల నన్ను చూసింది. ఊపిరి తీసింది, సగం వదిలింది, ఆపింది. నేను కాల్పు కోసం ఎదురుచూశాను.

“రావడం లేదు మీన్స్... ఫరెవర్ ఆ?”

“తెలియదు. ఇంకొకటి చేసి చూడొచ్చు. అదీ కాకపోతే రాదు.”

“డెల్‌కి కాల్ చేస్తా.” ఫోన్ తీసింది, వేలు దాని మీద ఆగింది, పక్కన పెట్టేసింది. “ముందు మీది ట్రై చేద్దాం. వాట్ డూ వీ నీడ్?”

“ఐస్,” అన్నాను. “చాలా.”

ఫ్రిజ్‌లో ఐస్ పన్నెండు ముక్కలు. గరాజ్ మూలన ఉన్న పెద్ద ఫ్రీజర్ తెరిచాను. పండగల ముందు ఇండియన్ స్టోర్‌లో చవకగా ఇస్తే దివాకర్ పోగేసిన మునక్కాడల ప్యాకెట్లు, గోంగూర, కొబ్బరి కోరు, తోటకూర కట్టలు, అన్నీ ఇటుకల్లా. ఆ పిల్ల అందిస్తుంటే నేను ఇనుము చుట్టూ పేర్చాను, చెక్కకి తగలకుండా మధ్యలో గుడ్డ. మునక్కాడలు బ్యారెల్ పొడవునా సరిగ్గా సరిపోయాయి. పైన గోంగూర. గోంగూర మీద గోంగూర. గరాజ్ తలుపు ఎత్తి చలి లోపలికి రానిస్తే ఇంకా మంచిదే, కానీ రోడ్డు మీద కుక్కల్ని తిప్పేవాళ్లు చూస్తే ఇద్దరు ఆడవాళ్లు తుపాకీకి కూరగాయలు కప్పుతున్నారని ఎవరికి ఫోన్ చేస్తారో, అందుకని ఎత్తలేదు. ఆ మాటే హంసికతో అంటే ముక్కుతో ఒక్కసారి నవ్వింది. ఆ వెంటనే ఆపేసింది, రేపటి సంగతి గుర్తొచ్చి. తన కోసం ఇంకో బకెట్ బోర్లించాను. ఇద్దరం కూర్చున్నాం. నాలుగు ఇరవై రెండు. చేతులు చంకల్లో పెట్టుకున్నాం. నేను ఏదైనా అనాలేమో, సారీ అని ఇంకోసారి అనాలేమో అనుకున్నాను. రేంజ్‌లో లాగానే ఉంది. పక్కన ఊపిరి మాత్రం.

“ఫస్ట్‌లో నేనే రాంగ్ అనుకున్నా,” అంది, నేల చూస్తూ. “ఎవ్రీబడీ సెడ్ రిలాక్స్. మీరు ఒక్కరే రైఫిల్‌ని చూశారు.”

నాలుగు నలభై. ప్యాకెట్ల మీద మంచు కరిగి నీటి చుక్కలు. ఇనుము మీద చెయ్యి పెడితే చర్మం అతుక్కుంటోంది. నేను స్టాక్ ఒత్తి పట్టుకున్నాను, తనని బ్యారెల్ పట్టుకోమన్నాను, లాగొద్దు, ఊరికే పైకి అలా పట్టుకుని ఉండు, అన్నాను. తను భుజం దించి, ఊపిరి తీసి, సగం వదిలింది. ఎక్కడో లోపల, చెక్కలో కాదు, ఇనుములో కాదు, రెండింటి మధ్య, మెటిక విరిచినంత చప్పుడు. ఒక్కటే. ఆ తర్వాత అది నెమ్మదిగా, తెరచాప లేచినట్టు, తన చేతుల్లోకి లేచి వచ్చింది.

గుంతలో కొత్త పొర పొద్దుటి పాల మీగడలా మెరుస్తోంది. యాక్షన్ అడుగున ఉన్న అంకెలు కూడా తిరగబడి అచ్చయ్యాయి. ఒక మూల నూనె మడుగు కట్టిన చోట బఠాణీ గింజంత గుంట పడింది, దాని పక్కనే పాత అమ్మాయి గీత అలాగే ఉంది, కొత్త పొర దాని దాకా వచ్చి ఆగింది. గుంట వల్ల ఏం కాదు, బరువు మోసే చోటు కాదు అది. హంసిక వేలు దాని మీదుగా ఒకసారి పోయింది. పిండి తీసేశాం, జిడ్డు తుడిచాం, ఇనుమును మళ్లీ దింపాం. ఈసారి అది ఊగలేదు, ఎక్కడికి పోవాలో తెలిసినట్టు పోయింది. ఆ స్క్రూలు తిప్పే తన సొంత ఎలెన్ కీ తన దగ్గర ఉంది, ఎప్పుడూ తన దగ్గరే ఉంటుంది, పెట్టెలో ప్రత్యేకంగా ఒక గూడు. రెండు స్క్రూలూ బిగించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలు తీసుకుని, బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య సందులో తనే ఆనించింది. తన వేళ్లు ఐస్‌లా ఉన్నాయి, నావీ అంతే, ఎవరివి ఎవరివో తెలియలేదు.

“రెడీ?”

ముందు స్క్రూ వదులు చేసింది. కళ్లు మూసుకున్నాను. పాదం చెప్పులోంచి లేస్తుందేమోనని వేలంతా చెవి చేసుకుని ఆగాను. స్క్రూ పావు తిరిగింది, సగం తిరిగింది, పూర్తిగా వదులైంది. ఏమీ తెలియలేదు. రెండు వారాలుగా నేను ఆ ఏమీ తెలియకపోవడం కోసమే గీకాను. వేలు అక్కడే ఉంచాను, ఇంకా కొంతసేపు.

“కదిలిందా?”

“లేదు.”

బయట కారు ఆగిన చప్పుడు. హారన్ ఒక్కసారి, మర్యాదగా. హంసిక స్క్రూ బిగించి రైఫిల్‌ని పెట్టెలో పడుకోబెట్టింది, తాళం వేసింది, పైకి పరిగెత్తి బట్టల సంచి తెచ్చింది. నేను గరాజ్ తలుపు బటన్ నొక్కాను. రష్మి గారు కారులోంచి చెయ్యి ఊపారు, నేనూ ఊపాను, నా చేతిలో గోంగూర ఉంది. పెట్టె బరువుగా ఉంది కదా, ఈసారి నేను రెండో పిడి పట్టుకుంటే గాట్ ఇట్ అనలేదు. డిక్కీ మూశాక హంసిక రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, జేబులోంచి ఎలెన్ కీ తీసి నా అరచేతిలో పెట్టింది.

“ఇది రేపు మీరు తెండి. స్క్రూ లూజ్ అయితే ఎవరికీ తెలీదు అక్కడ.”

“మీ అమ్మ వస్తారు కదా,” అన్నాను.

“యా, అమ్మ వస్తుంది,” అంది, అది వేరే సంగతి అన్నట్టు. “ఎయిట్‌కి స్టార్ట్. సెవెన్ థర్టీకి ఉండండి.”

కారు వెళ్లిపోయింది. తలుపు కిందికి దిగింది. కూర్చోవాలనిపించింది కానీ బకెట్ దాకా వెళ్లకుండానే గోడకి ఆనుకుని నిలబడ్డాను. సెలెక్షన్ ఏమవుతుందో రేపు తెలుస్తుంది. గంటంబావు డ్రైవ్, ఆరింటికి బయల్దేరాలి, హైవే మీద ఒక్కదాన్నే ఎప్పుడూ పోలేదు. బల్ల మీద మునక్కాడలు అన్నీ కరిగి మెత్తబడ్డాయి, మళ్లీ గడ్డకట్టిస్తే పీచు. తొమ్మిది ప్యాకెట్లు, ఇవాళే వండెయ్యాలి. పైన అరలో ఉన్న పెద్ద గిన్నె దింపాలి. బకెట్ చేతిలోకి తీసుకున్నాను.